అధోపర్యంకం

రాత్రి పది నుంచి పొద్దున్న పది దాకా
ఇరవై నిమిషాలకోసారి
ముప్పై ఏడు గొట్టాలు.
విజయనగరం పెద్దాసుపత్రి, రెండో అంతస్తు, కిటికీ పక్క మంచం.
"ఇంత నెత్తురు తీసీసి ఏటి సేస్తావమ్మా?"
అంది దాలమ్మ, చెయ్యి చాపుతూనే.
లెక్కేస్తానన్నాను.
"నా జీతం లెక్కే సరిగ్గా కట్నేదు ఎవులూ"
అని గోడవైపు తిరిగింది.

మొహం గుండ్రంగా ఉబ్బిపోయింది,
పొట్ట మీద ఊదారంగు చారలు.
ఒక వారం నిద్రుండదు, గిన్నెలు విసురుతుంది,
అర్ధరాత్రి గచ్చు కడుగుతుంది.
మరో వారం బియ్యం ఏరుకునే మామూలు మనిషి.
పరీక్షకి తీసుకొచ్చిన సోమవారాలన్నీ
ఆ మామూలు వారాల్లోనే పడ్డాయి.
మూడు రిపోర్టులు, మూడూ నార్మల్.
ఆడపడుచు నిమ్మకాయలు కోసి మంచం కింద పెట్టింది,
అక్కడేదో చేరిందని, అదే పడుకోనివ్వటం లేదని.
నవ్వబోయి ఆగాను.
మా కాలేజీ జువాలజీ పుస్తకంలో
హైపోథాలమస్‌కి తెలుగు పేరు అధోపర్యంకం.
మంచం కిందిది అనేగా అర్థం.

నేను డాక్టర్ని కాను, లెక్కలు చెప్పుకునేదాన్ని.
నా దగ్గరున్నవి మూడు సమీకరణాలు:
మంచం కింద నుంచి ఒక కబురు బయల్దేరుతుంది,
పీయూష గ్రంథి దాన్ని అందుకుని ఇంకో కబురు పంపుతుంది
(అమృతమని ఎవరు పెట్టారో ఆ పేరు),
మూత్రపిండాల నెత్తినెక్కి కూర్చున్నది కార్టిసాల్ వదులుతుంది.
అదే తిరిగి పైకెళ్ళి, చాలు, ఆపమంటుంది.
చాలన్న మాట చేరటానికి పట్టే సమయం
నా కాగితం మీద టౌ.

ఆమె పెనిమిటి గవరయ్య, తోటపల్లి కాలవ మీద లస్కరు,
చెవి మీది బీడీ తీసి, ఆసుపత్రని గుర్తొచ్చి మళ్ళీ పెట్టుకుని అన్నాడు:
"కింద సేలు మునిగిపోనాయని కబురొచ్చీసరికి
నాను తలుపులెత్తీసి రెండు గంటలైపోద్ది.
దించీసినా దార్లో ఉన్న నీరు దార్లోనే ఉంటాది కదమ్మా.
ఆ ఎనకాతలే ఎండిపోనాయని ఇంకో కబురు."
రెండు పీరియడ్లు పట్టే పాఠం.
టౌ చిన్నదైతే నీరు సర్దుకుంటుంది.
హద్దు దాటిందా, ఊగుతుంది, ఊగుతూనే ఉంటుంది.

కానీ నిమిషాల టౌకి వారాల ఊగు పుట్టదు.
అది తేలక నాలుగు నోటుపుస్తకాలు పాడుచేశాను.
ఎక్కడో ఒక తలుపు చెప్పిన మాట వినటం లేదు.
శనగగింజంత ముద్ద అయ్యుండొచ్చు.
ఆ పదం కలిపితే వరద గురువారం రాత్రికొచ్చింది.
"లెక్కలు నాడి పట్టుకోవమ్మా" అంటూనే
డాక్టర్ కూర్మారావు గారు గురువారం రాత్రికి మంచమిచ్చారు.

శుక్రవారం సాయంత్రానికి అంకెలొచ్చాయి.
వరద ఉంది. నా గీత ఎక్కడ లేచిందో అక్కడే.
ఆయన కళ్ళజోడు తుడుచుకుని
విశాఖలో స్కానింగుకి రాసిచ్చారు.
ఎగిరి గంతెయ్యాల్సింది.
ఐదూ ఇరవైకీ ఐదూ నలభైకీ రెండు చుక్కలు
గీతని వదిలేసి పైనెక్కడో.
ఈ జబ్బులో తెల్లారుజాము చెరిగిపోతుంది,
పగలూ రాత్రీ ఒకటే ఎత్తు. ఇవెక్కడివి?
గొట్టాలు మారాయా, నర్సు కునికిందా?
రబ్బరు చేతిలోకి తీసుకుని కూడా
ఎందుకో వెళ్ళి అడిగాను, ఆ ఏళప్పుడు ఏమైందని.

"ఏటవుద్ది? మిల్లు కూతేసింది కదా,
ఒకటో షిఫ్టుకి."

జూట్ మిల్లు లాకౌటై పద్నాలుగు నెలలు.
గవరయ్య ఆమెకి కనపడకుండా
తల అడ్డంగా ఊపాడు.

చుక్కలు ఉంచేశాను.
సమీకరణం చివర ఇంకో పదం చేర్చి,
సరిపడే గ్రీకు అక్షరం తట్టక
కూ అని రాసుకున్నాను.
పక్కన యూనిట్ల గడి
ఇంకా ఖాళీగానే ఉంది.